ఆగినప్పుడే మరిగే బండి

హైవే మీద 65 మైళ్ల వేగంతో గంటలకొద్దీ ఏ ఇబ్బందీ పెట్టకుండా నడిచిన వ్యాను, ఊళ్లోకి వచ్చి రెండు సిగ్నళ్ల దగ్గర ఆగేసరికి టెంపరేచర్ ముల్లును ఎర్ర గీత వైపు తోస్తుంది. పచ్చలైటు పడి నాలుగు వీధులు దాటగానే ముల్లు మళ్లీ మధ్యకు దిగుతుంది. ఏసీ తీరూ అంతే. పరుగులో ఉన్నంతసేపూ చల్లగా కొడుతుంది, ఆగితే వెచ్చటి గాలి వస్తుంది. ఈ రెండూ కలిసి కనబడ్డాయంటే అనుమానం ముందుగా పోవలసింది ఒక్క చోటికే: రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు మినీవ్యానుతో చనువు ఎక్కువ. పిల్లలు ఇద్దరయ్యాక, ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, నలుగురు విద్యార్థులు తలా కాస్త వేసుకుని సెకండ్‌హ్యాండ్ బండి కొనుక్కోవాలనుకున్నప్పుడు ముందు కంటపడేది అదే. ఇరవై ఏళ్లు దాటిన వ్యాన్లు ఇంకా అక్కడి రోడ్ల మీద తిరుగుతున్నాయి. అలాంటి బండిలో ఫ్యాన్ ఆగిందంటే ఎవరికైనా మొదట తోచేది ఫ్యాన్ మార్చేయడం. తరవాత రిలే, ఆ తరవాత సెన్సర్ మారుస్తారు. బండి ఖరీదులో సగం పార్టులకే పోతుంది, ఫ్యాన్ మాత్రం కదలదు. రెక్కలు తిరగాలంటే వాటికి ముందు అరడజను పనులు వరసగా జరగాలి. వాటిలో ఏది ఆగినా బయటికి కనబడే లక్షణం ఒకటే. అందుకే పార్టు కొనేముందు పరీక్ష చేయాలని నా పట్టుదల. ఆ పరీక్షకు కావలసినవి ఒక బల్బు, రెండు వైర్లు, చవకరకం మల్టీమీటర్, ఇంకొంచెం ఆలోచన.

నిలబడ్డ బండిలో వేడి లెక్క

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం కాలి పుట్టిన శక్తిలో చక్రాలను తిప్పడానికి ఉపయోగపడేది మోటుగా మూడో వంతు లోపే. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గొట్టంలోంచి పోతుంది. దాదాపు అంతే వాటా సిలిండర్ గోడల గుండా కూలెంట్‌లోకి దిగుతుంది. ఆరు సిలిండర్ల వ్యాను కదలకుండా ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు గంటకు ఒకటిన్నర లీటర్ల పెట్రోలు తాగుతుందనుకుందాం. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 9 కిలోవాట్ గంటలు. ఆ లెక్కన నిలబడ్డ చోటే కూలెంట్‌లోకి 4 కిలోవాట్లకు పైగా వేడి ఎడతెగకుండా చేరుతుంది. ఏసీ వేసి ఉంటే భారం ఇంకా పెరుగుతుంది. ఏసీ కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కు సరిగ్గా ముందు. క్యాబిన్‌లోంచి లాగిన వేడినంతా అది అక్కడే వదులుతుంది.

ఇంజన్ లోహాన్నీ, అందులో తిరిగే పది పన్నెండు లీటర్ల కూలెంట్‌నూ కలిపి లెక్కేస్తే, ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుపోయినప్పుడు ఉష్ణోగ్రత నిమిషానికి దాదాపు రెండు డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. ఇది కాగితం మీది అంచనా. బానెట్ కింద గాలి కొంత తనంతట తానే కదులుతుంది కాబట్టి నిజంలో కాస్త నెమ్మదిగా ఎక్కవచ్చు. కానీ ఒక ఎర్రలైటు దగ్గర ఏమీ కాని బండి, స్కూలు విడిచే వేళ పిల్లల కోసం కార్ల వరసలో పావుగంట నిలబడితే ఎందుకు మరుగుతుందో ఈ లెక్కతో తెలిసిపోతుంది.

అంత వేడిని బయటికి పంపే ఫ్యాన్ తీసుకునే కరెంటు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లనుకుంటే 180 వాట్లు. ఫ్యాన్ దేన్నీ చల్లబరచదు. రేడియేటర్ రేకుల మధ్య వేడెక్కి నిలిచిపోయిన గాలిని లాగేసి, దాని చోట బయటి గాలిని తెచ్చిపెడుతుందంతే. హైవే మీద ఆ పని బండి వేగమే చేసిపెడుతుంది కాబట్టి ఫ్యాన్ చచ్చిపోయిన సంగతి అక్కడ బయటపడదు. దీన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు. నిలబడ్డప్పుడు బాగానే ఉండి హైవే ఎక్కాక వేడెక్కే బండిలో ఫ్యాన్‌ను వెతకడం వృథా. అక్కడ పూడిపోయిన రేడియేటర్‌నో, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్‌నో, అరిగిన వాటర్ పంపునో చూడాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. కూలెంట్ అంటే సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. మామూలు గాలి పీడనంలో అది 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత చదరపు అంగుళానికి 15, 16 పౌండ్ల అదనపు పీడనాన్ని లోపల పట్టి ఉంచడం వల్ల ఆ హద్దు 130 దరిదాపులకు జరుగుతుంది. వేడి మీదున్న మూతను తిప్పిన మరుక్షణం పీడనం పోయి హద్దు మళ్లీ 107కు పడిపోతుంది. 115 డిగ్రీల దగ్గర ఉన్న ద్రవం ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. మొహాలూ చేతులూ కాలేది ఇలాగే. ముల్లు ఎర్ర గీత చేరుతుంటే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడి మీద, పూర్తి వేగం మీద పెట్టాలి. హీటర్ లోపల ఉన్నది కూడా చిన్న రేడియేటరే, దానికి తన సొంత బ్లోయర్ ఉంది. మండుటెండలో అది నరకమే, అయినా బండి పక్కకు తీసి ఆపేంతవరకు ఇంజన్‌ను కాపాడవచ్చు. అల్యూమినియం సిలిండర్ హెడ్ ఒకసారి వంకర తిరిగితే ఆ తరవాత ఫ్యాన్ గురించి మాట్లాడుకోవలసిన అవసరం ఉండదు.

ఇంజన్ అడ్డం తిరిగిన రోజు

1983 నవంబరులో కెనడాలోని విండ్సర్ కర్మాగారంలో క్రిస్లర్ సంస్థ మినీవ్యాన్ల తయారీ మొదలుపెట్టింది. అప్పటికి ఆ సంస్థ అధిపతి లీ అయకోకా. ఫోర్డ్‌లో పనిచేసిన రోజుల నుంచీ ఈ ఊహను వెంటబెట్టుకుని తిరిగిన హాల్ స్పెర్లిచ్ ఆయనతో ఉన్నాడు. డాజ్ క్యారవాన్, ప్లిమత్ వాయేజర్ పేర్లతో అవి 1984 మోడళ్లుగా అమ్మకానికొచ్చాయి. మామూలు ఇంటి గరాజులో పట్టాలి, ఎక్కడానికి వీలుగా నేల ఎత్తు తక్కువ ఉండాలి, కారులా నడవాలి అన్నవి వాళ్లు పెట్టుకున్న షరతులు. అందుకోసం ఇంజన్‌ను బండికి అడ్డంగా తిప్పి ముందు చక్రాలకు కలిపారు.

మన అంబాసిడర్‌లో ఇంజన్ బండి పొడవునా ఉంటుంది. దాని ముందు కొస రేడియేటర్ వైపు చూస్తుంది. అక్కడి పుల్లీకి రెక్కలు తగిలించి బెల్టుతో తిప్పితే చాలు, ఇంజన్ తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరుగుతుంది. షెవర్లే ఆస్ట్రో వంటి వెనక చక్రాల వ్యాన్లలోనూ ఆ పద్ధతే సాగింది. ఇంజన్ అడ్డం తిరిగితే పుల్లీలు పక్క చక్రం వైపు చూస్తాయి, రేడియేటర్ మాత్రం ముందే ఉండిపోతుంది. ఇక బెల్టు పనికిరాదు. ఫ్యాన్‌కు సొంత మోటర్ కావాలి, ఆ మోటర్‌ను ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఒకటి కావాలి. అవసరమైనప్పుడే తిరుగుతుంది కాబట్టి పెట్రోలు కలిసొచ్చింది. అయితే బెల్టు తెగితే తప్ప ఆగని వస్తువు, పది చోట్ల ఏదో ఒక చోట తెగినా ఆగిపోయే వస్తువుగా మారింది.

1990ల రెండో సగం నుంచి వచ్చిన క్రిస్లర్ వ్యాన్లను ఉదాహరణగా తీసుకుంటే ఆ వరస ఇలా సాగుతుంది. ఇంజన్‌లో కూలెంట్ పారే దారిలో ఒక థర్మిస్టర్ ఉంటుంది. గది వేడిమి దగ్గర దాని నిరోధం 10,000 ఓముల చుట్టుపక్కల ఉంటుంది, ఇంజన్ పూర్తిగా వేడెక్కేసరికి 1,000 ఓముల లోపుకు పడిపోతుంది. ఇంజన్ కంప్యూటర్ ఆ మార్పును చదివి ఉష్ణోగ్రతగా అర్థం చేసుకుంటుంది. ఏసీ గొట్టంలో పీడనం ఎంతుందో చెప్పే సెన్సర్ మాట కూడా వింటుంది. ఫ్యాన్ కావాలని తేలగానే రిలేకు సన్నని వైరు మీద సంకేతం పంపుతుంది. రిలే ఆ చిన్న సంకేతాన్ని అందుకుని, బ్యాటరీ నుంచి లావుపాటి ఫ్యూజు మీదుగా వచ్చిన పెద్ద కరెంటును రెండు ఫ్యాన్ల మోటర్లకు వదులుతుంది. మోటర్లలోంచి ఆ కరెంటు నల్ల వైరు గుండా బండి బాడీకి చేరి, అక్కడనుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలి. మనవాళ్లు ఎర్త్ అనే ఈ చివరి దారిని ఎక్కువమంది మర్చిపోతారు.

అడిగిందా, లేదా?

ఈ వరసను ఆ కొసనుంచి ఈ కొసదాకా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే ఒక పూట గడిచిపోతుంది. దానికన్నా మధ్యలోకి వెళ్లి ఒకే ప్రశ్న అడగడం మేలు: తిరగమని ఫ్యాన్‌ను కంప్యూటర్ అడిగిందా, లేదా? అడిగినా తిరగకపోతే తప్పు రిలే నుంచి మోటర్ దాకా ఉన్న సగంలో ఉంది. అసలు అడగనే లేదంటే సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా ఉన్న సగంలో వెతకాలి. ఒక్క ప్రశ్నతో వెతకవలసిన దాంట్లో సగం తప్పుకుంటుంది.

ఆ ప్రశ్నకు ముందు ఒక్క పని మాత్రం తప్పదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి కూలెంట్ నిండుగా ఉందో లేదో చూడాలి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నది చూసి సరిపెట్టుకోకూడదు. కూలెంట్ తగ్గితే సెన్సర్ కొస ద్రవంలో మునగకుండా ఆవిరిలో తేలుతుంది. ఇంజన్ కాగిపోతున్నా అది తక్కువ ఉష్ణోగ్రతే చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి ఊరుకుంటుంది. అప్పుడు ఫ్యాన్ దోషం ఏమీ లేదు, వైరింగ్ దోషం ఏమీ లేదు, ఎక్కడో గొట్టం కారుతోంది. అలాగే పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. వేడి నీళ్లు రేడియేటర్‌కే చేరనప్పుడు ఎంత గాలి కొట్టినా లాభం లేదు.

ఇప్పుడు ప్రశ్న. బండి స్టార్ట్ చేసి, ఏసీ పూర్తిగా వేసి, బయటినుంచి చూడండి. ఏసీ నడుస్తున్నప్పుడు కండెన్సర్ కోసం ఫ్యాన్‌ను తిప్పాలి కాబట్టి చాలా వ్యాన్లలో కాసేపట్లోనే రెక్కలు కదలాలి. ఏసీ వేస్తే తిరిగి, వేడెక్కినప్పుడు మాత్రం తిరగని ఫ్యాన్ అయితే మోటర్, రిలే, ఫ్యూజు, ఎర్త్ అన్నీ ఒకేసారి నిర్దోషులుగా తేలిపోయినట్టే. అనుమానం కూలెంట్ సెన్సర్ మీదికో, దాని వైరు మీదికో పోతుంది. ఒక్క బటన్ నొక్కితే ఇంత సమాచారం వస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే పార్టుల దుకాణానికి పరిగెత్తడం చూస్తే బాధగా ఉంటుంది.

ఏసీ గ్యాస్ అయిపోయిన బండిలో ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు కూలెంట్ సెన్సర్ ప్లగ్గు ఊడదీసి చూడవచ్చు. క్రిస్లర్ వ్యాన్లలో కంప్యూటర్‌కు సెన్సర్ కనబడకుండా పోతే, ఇంజన్ ఎంత వేడిగా ఉందో తెలియదు కాబట్టి ముందుజాగ్రత్తగా ఫ్యాన్లు తిప్పేస్తుంది. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది, పీ0118 అన్న కోడ్ నమోదవుతుంది. ప్లగ్గు తీయగానే ఫ్యాన్లు తిరిగాయంటే సంకేతమూ మోటర్లూ బాగున్నట్టే.

కానీ ఈ పద్ధతిని కళ్లు మూసుకుని ప్రతి బండికీ వాడకూడదు. పాత హోండాల్లో ఫ్యాన్ కోసం విడిగా ఒక థర్మో స్విచ్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది తెరుచుకుని ఉండి, వేడెక్కితే మూసుకుని ఫ్యాన్‌ను తిప్పుతుంది. దాని ప్లగ్గు తీస్తే ఏమీ జరగదు, ప్లగ్గులోని రెండు కాళ్లనూ చిన్న వైరుతో కలపాలి. పాత టయోటాలలో చాలావాటి తీరు దీనికి సరిగ్గా విరుద్ధం. చల్లగా ఉన్నప్పుడు స్విచ్ మూసుకుని ఉంటుంది, వేడెక్కితే తెరుచుకుంటుంది. ప్లగ్గు ఊడితే, వైరు తెగితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఈ రెండోదానిలో ఉన్న తెలివి నాకు ఎంతో నచ్చుతుంది. పాడైతే బ్యాటరీ నష్టపోవాలి గానీ ఇంజన్ నష్టపోకూడదని దాన్ని గీసినవాళ్లు ముందే నిర్ణయించారు. మీ బండి ఏ రకమో సర్వీస్ మాన్యువల్ చూసి తెలుసుకోవాలి.

అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన ప్రతి పెట్రోలు కారులోనూ స్టీరింగ్ కింద ఓబీడీ ప్లగ్గు ఉంటుంది. చిన్న స్కానర్ దానికి తగిలిస్తే కంప్యూటర్ తన మనసులో ఏ ఉష్ణోగ్రత అనుకుంటోందో అంకెల్లో కనబడుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో ఉదయాన్నే తాళం తిప్పి చూస్తే ఆ అంకె బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. చలికాలం పొద్దున్నే 60 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే ఆ సెన్సర్‌ను ఇక నమ్మనక్కర్లేదు. చాలా ఆటో పార్ట్స్ దుకాణాల్లో కోడ్‌లను ఉచితంగానే చదివి పెడతారు. పీ0480 అంటే ఫ్యాన్ నియంత్రణ వైరింగ్‌లో లోపమని అర్థం. ఫ్యాన్ మోటర్ కాలిపోయిందని దానర్థం కాదు. కోడ్ ఒక పేటను చూపిస్తుంది, ఇల్లు మనమే వెతుక్కోవాలి.

12 వోల్టుల అబద్ధం

అడిగినా ఫ్యాన్ తిరగలేదని తేలిందనుకుందాం. మళ్లీ మధ్యలోకే వెళ్లాలి, ఈసారి ఫ్యాన్ ప్లగ్గు దగ్గరికి. అక్కడ చేయి పెట్టేముందు తాళం తీసి జేబులో వేసుకోవాలి, ప్లగ్గు విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ కూడా తీయాలి. విద్యుత్ ఫ్యాన్ చెప్పి తిరగదు. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపాక కూడా తిరుగుతుంది, ఆ రెక్కలకు వేళ్లను గాయపరిచేంత బలం ఉంది.

ప్లగ్గు విప్పాక దాని రెండు కాళ్ల మధ్య పాత హెడ్‌లైట్ బల్బు తగిలించి, బ్యాటరీ మళ్లీ కలిపి, బండి స్టార్ట్ చేసి ఏసీ వేయాలి. బల్బు నిండుగా వెలిగితే సప్లై, ఎర్త్ రెండూ బాగున్నాయి, మోటర్ పోయింది. బల్బు వెలగకపోయినా, మిణుకుమంటున్నా మోటర్‌ను నిందించకూడదు. మల్టీమీటర్ ఉండగా బల్బు ఎందుకని అడగవచ్చు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ వోల్టేజీ కొలిచేటప్పుడు దాదాపు కరెంటు తీసుకోదు. దాని లోపలి నిరోధం కోటి ఓములు. దారిలో ఒక జాయింటు చిలుము పట్టి 1,000 ఓముల అడ్డంకిగా మారిందనుకోండి. మీటర్ తీసుకునే అతిసూక్ష్మమైన కరెంటుకు అక్కడ తగ్గేది వోల్టులో వెయ్యోవంతు పైచిలుకు మాత్రమే. మీటర్ నిబ్బరంగా 12.6 చూపిస్తుంది. సప్లై వస్తోంది, ఫ్యాన్ పోయింది అని తీర్పు చెప్పేస్తాం. 15 ఆంపియర్లు కావలసిన మోటర్‌కు ఆ దారిలో వచ్చేది ఆంపియరులో వందో వంతు పైచిలుకు మాత్రమే. అది కదలదు. హెడ్‌లైట్ బల్బు 55 వాట్లు, అంటే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఏమార్చడం చిలుముకు చేతకాదు. ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంప్‌గా వాడే మన ఊళ్ల ఆటో ఎలక్ట్రీషియన్ల పద్ధతిలో ఉన్న శాస్త్రం ఇదే.

బల్బు మసకగా వెలిగినప్పుడు మీటర్‌ను తెలివిగా వాడాలి. ఫ్యాన్ ప్లగ్గును తిరిగి కలిపి, తిరగమని సంకేతం ఉండగా, ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది ఫ్యాన్ ప్లగ్గులో సప్లై వైరు మీద పెడితే మధ్యలో ఎన్ని వోల్టులు పోతున్నాయో తెలుస్తుంది. అర వోల్టు లోపు ఉంటే పరవాలేదు. అదే విధంగా బ్యాటరీ నెగటివ్‌కూ ఫ్యాన్ నల్ల వైరుకూ మధ్య కొలవాలి. అక్కడ ఇంకా తక్కువ, వోల్టులో ఐదో వంతు దగ్గర ఉండాలి. ఎక్కువ కనబడితే ఆ దారిలో ఒక్కో జాయింటు దగ్గరా ముల్లు జరుపుకుంటూ పోతే చాలు, అంకె ఎక్కడ ఒక్కసారిగా మారిందో అక్కడే దొంగ ఉన్నాడు. టెస్ట్ ల్యాంప్ క్లిప్పును ఎప్పుడూ బాడీకే తగిలించి చూసేవాళ్లకు ఎర్త్ లోపం ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే వాళ్లు చూస్తున్నది సగం దారినే.

ఈ చిన్న నిరోధం వల్ల ఇంకో కీడు ఉంది. ప్లగ్గులో లూజైన కాలు దగ్గర పదోవంతు ఓము నిరోధం పెరిగిందనుకోండి. 15 ఆంపియర్లు పారుతుంటే అక్కడ పోయేది ఒకటిన్నర వోల్టే. ఫ్యాన్ కాస్త మందంగా తిరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 22.5 వాట్ల వేడి. రేడియో రిపేరు చేసేవాళ్ల చేతిలో ఉండే టంకం కడ్డీ వాట్లు దాదాపు అంతే. అంత వేడి బఠాణీ గింజంత ప్లాస్టిక్ ప్లగ్గులో గంటలకొద్దీ పుడితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, కాలు ఇంకా లూజవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. పాత వ్యాన్లలో ఫ్యాన్ ప్లగ్గు విప్పితే గోధుమరంగుకు మాడి, కరిగి అతుక్కుపోయి కనబడడానికి కారణం ఇది. కొత్త మోటర్ కొని ఆ మాడిన ప్లగ్గునే మళ్లీ తగిలిస్తే జబ్బు అలాగే ఉండిపోతుంది. ప్లగ్గుతో సహా వైరు ముక్క మార్చాలి, అదే లావు వైరుతో, గట్టిగా నొక్కిన జాయింటుతో.

రిలే, ఫ్యూజు, మోటర్

పాత రకం రిలేలో చిన్న తీగచుట్ట ఉంటుంది. అందులో ఆంపియరులో ఐదో వంతు కూడా లేని కరెంటు పారితే అది అయస్కాంతమై లావుపాటి కాంటాక్టులను కలుపుతుంది. ఆ టిక్కుమనే చప్పుడు వేలితో పట్టుకుంటే తెలుస్తుంది. టిక్కుమంది కానీ ఫ్యాన్ తిరగలేదంటే కాంటాక్టులు కాలి నల్లబడి ఉండవచ్చు. అదే పెట్టెలో హారన్‌కో మరొకదానికో అదే నంబరు రిలే ఉంటే రెండూ మార్చి చూడడం తేలిక.

1990ల చివర్లో, 2000 తరవాత వచ్చిన చాలా క్రిస్లర్ వ్యాన్లలో టిక్కు వినబడుతుందని ఎదురుచూసి లాభం లేదు. వాటిలోది సాలిడ్ స్టేట్ రిలే. లోపల కదిలే భాగమే ఉండదు, ట్రాన్సిస్టర్ కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపుతూ వదులుతూ ఫ్యాన్ వేగాన్ని హెచ్చుతగ్గులు చేస్తుంది. ఫ్యాన్ సగం వేగంలో ఉన్నప్పుడు మీటర్ ఏ 6 వోల్టులో చూపిస్తే అది లోపం కాదు, సగటు. ఆ ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది కాబట్టి దాన్ని డ్రైవర్ వైపు ముందు బంపర్ వెనక, బండి లోహపు రైలుకు ఆనించి బిగించారు. రైలు దాని వేడిని పీల్చుకుంటుంది. భౌతికశాస్త్రం ప్రకారం మంచి ఆలోచనే. అయితే మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి చోట్ల చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, కరిగిన మంచుతో కలిసి సరిగ్గా అక్కడికే చిమ్ముతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లగ్గులోకి ఉప్పునీరు చేరి కాళ్లు పచ్చగా చిలుము పట్టి తెగిపోతాయి. అలాంటి ఊళ్లో బతికిన వ్యానులో రెండు ఫ్యాన్లూ ఒకేసారి ఆగాయంటే నేను ముందు చూడమనేది ఆ రిలే ప్లగ్గునే. రెండు మోటర్లు ఒకే రోజున విడివిడిగా చావడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయి ఉంటుంది.

ఫ్యూజు పోయి ఉంటే సంతోషించి కొత్తది వేసేయకూడదు. ఫ్యూజు తనంతట తాను పోదు. బేరింగు పట్టేసిన మోటర్ తిరగలేక మామూలుకన్నా ఎంతో ఎక్కువ కరెంటు లాగుతుంది, లేదా వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతుంది. అంతకన్నా పెద్ద ఫ్యూజు వేయడం మంటలను పిలవడమే. తాళం తీసేసి రెక్కను వేలితో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. గరగరమన్నా, బిగుసుకున్నా మోటర్ పనైపోయింది. బేరింగు బాగుండి కూడా తిరగని మోటర్‌లో కార్బన్లు అరిగి ఉండవచ్చు. కర్రముక్కతో మోటర్ వీపు మీద చిన్నగా తడితే కదిలి తిరిగిందంటే అదే జబ్బు. ఆ తట్టుడు రోగాన్ని గుర్తుపట్టడానికి మాత్రమే, దాన్ని నమ్ముకుని టెక్సస్ ఎండలో ప్రయాణం పెట్టుకోవద్దు.

కొత్త ఫ్యాన్ బిగించాక గాలి ఎటు పోతోందో చూడాలి. వైర్లు తారుమారైతే ఈ మోటర్ ఉల్టా తిరుగుతుంది, గాలిని ఇంజన్ వైపు లాగడానికి బదులు ముందుకు తోస్తుంది. గ్రిల్ ముందు పలుచని కాగితం పెడితే అది లోపలికి అతుక్కోవాలి. చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ విరిగిందని తీసి పారేసేవాళ్లున్నారు. అది లేకపోతే ఫ్యాన్ తన వెనకనున్న వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది.

డైరెక్ట్ వైరు

మన దగ్గర ఈ జబ్బుకు పేరుపొందిన వైద్యం ఒకటుంది. సెన్సర్‌ను, కంప్యూటర్‌ను పక్కకు పెట్టి తాళం ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగేటట్టు డైరెక్ట్ చేసేస్తారు. విజయవాడ ఎండలో, బండి నడవకపోతే ఆ రోజు కూలి పోయే మనిషికి అది అక్కరకొచ్చే పనే, దాన్ని చిన్నచూపు చూడను. ఫ్యూజూ, సరైన రిలే, తగిన లావు వైరు పెట్టి చేస్తే ఇంటిదాకా, వారందాకా గడుస్తుంది. కానీ డాష్‌బోర్డు స్విచ్చు గుండా 15 ఆంపియర్లు నేరుగా పంపితే ఆ స్విచ్చే కరుగుతుంది. సాలిడ్ స్టేట్ రిలే ఉన్న బండిలో దాని ప్లగ్గు తీయకుండా పక్కనుంచి సప్లై ఇస్తే ట్రాన్సిస్టర్‌లోకి ఎదురు కరెంటు పోవచ్చు. పైగా రోజంతా తిరిగే మోటర్‌లో కార్బన్లు త్వరగా అరుగుతాయి, మూలకారణమైన చిలుము తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

మరమ్మతు అయ్యాక రుజువు చూసుకోవాలి. ఏసీ ఆపి, ఇంజన్‌ను నిలబెట్టి నడిపిస్తూ స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడాలి. అది ఎక్కుతూ 100 దాటి ఒక హద్దు చేరగానే ఫ్యాన్ అందుకోవాలి, అంకె దిగాలి, ఫ్యాన్ ఆగాలి లేదా నెమ్మదించాలి, అంకె మళ్లీ ఎక్కాలి. కంప్యూటర్ ఎక్కడ తిరగమంటుందో మాన్యువల్‌లో ఉంటుంది. రెండు మూడుసార్లు ఈ చుట్టు పూర్తయితే వరస మొత్తం పనిచేస్తున్నట్టు. తరవాతి రోజుల్లో ఉదయాన్నే కూలెంట్ మట్టం చూస్తూ ఉండాలి. బయట ఎక్కడా చుక్క కారకుండా మట్టం తగ్గుతున్నా, స్టార్ట్ చేసిన కాసేపటికి తియ్యటి వాసనతో తెల్లటి ఆవిరి సైలెన్సర్‌లోంచి ఆగకుండా వస్తున్నా, ఫ్యాన్ తిరగని రోజుల్లో బండి మరిగినప్పుడు హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని ఉండవచ్చు. కూలెంట్‌లో సిలిండర్ వాయువులు కలుస్తున్నాయో లేదో చెప్పే రసాయన పరీక్ష గరాజుల్లో చేస్తారు. మట్టం తగ్గుతున్న బండిని దూరప్రయాణానికి తీసే ముందే ఆ పరీక్ష చేయించాలి.